న్యాయవాది అబ్రహాం లింకన్

ప్రతి సంవత్సరం ఫిబ్రవరి 12వ తేదీన అమెరికా దేశంలోని కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయ్ మొదలైన కొన్ని రాష్ట్రాలలో న్యాయస్థానాల తలుపులు మూసి ఉంటాయి. అది అబ్రహాం లింకన్ జన్మదినం. ఆ దేశపు ఫెడరల్ న్యాయస్థానాలన్నింటికీ వర్తించే సెలవు వేరొకటి కలదు. అది చట్టరీత్యా జార్జి వాషింగ్టన్ పేర ఏర్పడి, 1971 నుండి ఫిబ్రవరి మూడవ సోమవారానికి మార్చబడినది. జనులు దానిని అధ్యక్షుల దినమని పిలుచుకొన్నా, లింకన్ పేర ప్రత్యేకంగా ఫెడరల్ సెలవు నేటికీ లేదు. దావాలో దాఖలు చేయవలసిన పత్రానికి గడువు ఇట్టి సెలవునాడు ముగిసినచో, అది మరుసటి పనిదినానికి జరుగుతుంది. మన దేశంలో గాంధీ జయంతినాడు గడువు ముగిసినా న్యాయం ఇదే.

లింకన్‌ను మన విద్యార్థులు బానిసల విమోచకునిగానే ఎరుగుదురు. కాని అధ్యక్షుడు కాకముందు దాదాపు పాతికేళ్ళు ఆయన జీవనోపాధి వకాలతు. అందువలన న్యాయస్థానాలు ఆయన పేర ఒక దినం విశ్రమించడంలో ఒక ఔచిత్యమున్నది. ఒక చిక్కు కూడా ఉన్నది. ఆ రెంటినీ చెప్పడానికే మేము పూనుకొన్నాము.

లింకన్ 1809లో కెంటకీ రాష్ట్రంలో ఒక కొయ్యదుంగల గుడిసెలో జన్మించాడు. తండ్రి థామస్ వడ్రంగి, రైతు. ఆ రాష్ట్రంలో భూముల హద్దులు, హక్కు పత్రాలు ఎంత అస్తవ్యస్తంగా ఉండేవంటే, కష్టించి బాగుచేసుకొన్న భూమి తనదో కాదో రైతుకే తెలిసేది కాదు. థామస్‌పై కూడా భూమి నుండి తొలగించమని దావా పడింది. ఆ విసుగుతోనే కుటుంబం 1816లో ఇండియానాకు తరలిపోయింది. రెండేళ్ళకు తల్లి నాన్సీ మరణించింది. సవతి తల్లి శారా ఆ బాలుని కన్నబిడ్డవలె సాకింది. లింకన్ బడిలో కూర్చున్న కాలమంతా కూడినా ఒక సంవత్సరం నిండదు.

1831లో ఆయన ఇల్లినాయ్‌లోని న్యూ సేలం అను పల్లెకు చేరాడు. బెర్రీ అనే భాగస్వామితో కలసి అరువుమీద ఒక దుకాణం పెట్టాడు. అది దివాలా తీసింది. 1835లో బెర్రీ మరణించగా అప్పు మొత్తం, సుమారు 1100 డాలర్లు, లింకన్ నెత్తిన పడింది. నాటి రోజులలో ఇట్టి స్థితిలోని యువకులు రాత్రికి రాత్రి పడమటి దిక్కుకు పారిపోవడం సామాన్యం. లింకన్ పారిపోలేదు. ఆ అప్పును తన జాతీయ ఋణమని స్నేహితులతో హాస్యమాడుతూ, ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తీర్చాడు.

ఆ దినాలలోనే ఒక ఋణదాత కోర్టుకెక్కి తీర్పు పొందాడు. అప్పటికి లింకన్ భూములు కొలిచే పనితో పొట్టపోసుకొంటున్నాడు. ఆయన గుఱ్ఱం, జీను, కొలత పనిముట్లు జప్తు చేసి వేలానికి పెట్టారు. జేమ్స్ షార్ట్ అనే పొరుగు రైతు వాటిని పాడుకొని, తిరిగి ఆయనకే ఇచ్చివేశాడు. తరువాతి కాలంలో లింకన్ ఎందరిపైనో సమన్లు పంపించాడు గాని, జప్తు కాగితం పట్టుకొని అధికారి గుమ్మంలో నిలిచినపుడు మనిషికి ఎట్లుంటుందో ఏ గ్రంథమూ చదవకముందే ఆయనకు తెలుసు. మా దృష్టిలో ఆయన చదివిన న్యాయశాస్త్రంలో మొదటి పాఠం అదే.

1834లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. అరువు తెచ్చుకొన్న పుస్తకాలతో, గురువు లేకుండా చదివి 1836లో న్యాయవాదిగా అనుమతి పొందాడు. 1837లో స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణం చేరి, మొదట స్టూవర్ట్‌తోను, 1841 నుండి లోగన్‌తోను భాగస్వామ్యం నడిపాడు. 1844లో హెర్న్‌డన్‌ను తానే భాగస్వామిగా తీసుకొన్నాడు. ఏటా వసంతంలో ఒకసారి, శరదృతువులో ఒకసారి న్యాయమూర్తి, వకీళ్ళు కలసి గుఱ్ఱాలపైనా బండ్లపైనా ఊరూరా తిరిగి కచేరీలు జరిపేవారు. సత్రాలలో ఒకే మంచంపై ఇద్దరేసి పడుకొనేవారు. ఈ సంచారాలలో న్యాయమూర్తి డేవిడ్ డేవిస్‌కు లింకన్‌తో గాఢమైన మైత్రి కుదిరింది. పాఠకులు ఈ పేరు గుర్తుంచుకోవలెను.

లింకన్, ఆయన భాగస్వాములు చేపట్టిన వ్యవహారాలు అయిదు వేలకు మించినవి. అందులో అధిక భాగం అప్పుల వసూళ్ళే. మామూలు దావాకు రుసుము అయిదో పదో డాలర్లు. దావా పడగానే కోర్టు గుమాస్తా సమన్ వ్రాసేవాడు. షెరీఫ్ దానిని ప్రతివాదికి అందజేసి, ఏ దినాన అందజేసినదీ వ్రాసి సంతకం చేసి తిరిగి దాఖలు పరిచేవాడు. ఆ సంతకం లేనిదే దావా ముందుకు నడవదు. ఎదుటివానికి తెలియజేయకుండా వానిపై తీర్పు చెప్పరాదన్న ధర్మమే ఇందుకు మూలం. నేడు అమెరికాలో ఈ పనిని షెరీఫ్‌తో పాటు, డబ్బు పుచ్చుకొని సమన్లు అందజేసే వృత్తిదారులు కూడా చేస్తున్నారు. ఫెడరల్ న్యాయస్థానాల మార్షల్‌లకు 1983లో నియమాలు మార్చి ఈ భారం చాలవరకు తగ్గించారు. కక్షిదారు కాని వయోజనుడెవడైనా సమన్ ఇవ్వవచ్చునన్నారు. కాలిఫోర్నియాలో ఏడాదికి పదికి మించి అందజేసేవాడు తన పేరు నమోదు చేయించుకొని, పూచీ కూడా కట్టవలెను. మన దేశంలో ఇది ప్రధానంగా కోర్టు ఉద్యోగి పని. 2002 నుండి ఆమోదం పొందిన కొరియర్ ద్వారా పంపే వీలు కూడా ఏర్పడింది. వాదియే స్వయంగా పట్టుకొనిపోయి ఇచ్చే పద్ధతిని కోర్టులలో దస్తీ అంటారు. వకీలు, వకాల్తనామా, జప్తు, దస్తీ - ఈ మాటలకు మా కళాశాలలో ఉర్దూ శాఖవారిని గాని తెలుగు శాఖవారిని గాని నిఘంటువు తెరవమనే అవసరం రాదు.

లింకన్ వకాలతులో వెలుగూ నీడా రెండూ ఉన్నవి. 1841లో నాన్స్ అనే నీగ్రో స్త్రీని అమ్మిన పత్రం చెల్లదని ఇల్లినాయ్ సుప్రీం కోర్టులో వాదించి గెలిచాడు. 1847లో మాట్సన్ అనే బానిస యజమాని పక్షాన, ఒక తల్లిని ఆమె బిడ్డలను తిరిగి బానిసత్వంలోకి అప్పగించమని వాదించాడు. ఓడిపోయాడు, ఆ తల్లీ బిడ్డలు స్వతంత్రులయ్యారు. ఈ రెండవ వ్యవహారాన్ని విడిచిపెట్టి ఆయన చరిత్ర వ్రాయడం మాకు సమ్మతం కాదు.

1860 నవంబరులో లింకన్ అధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు. పార్టీ సభలో ఆయన అభ్యర్థిత్వం కోసం అందరికన్నా ఎక్కువగా పాటుపడినవాడు డేవిస్. పదవి స్వీకరించిన నెలన్నరలోపే అంతర్యుద్ధం ప్రారంభమైంది. మేరీలాండ్‌లో తిరుగుబాటుదారులు రైలు వంతెనలు తగులబెట్టి రాజధానికి సైన్యం రాకుండా అడ్డగించారు. 1861 ఏప్రిల్ 27న లింకన్ ఆ మార్గం వెంబడి హెబియస్ కార్పస్ హక్కును నిలిపివేయడానికి సైన్యానికి అధికారమిచ్చాడు.

మే నెలలో జాన్ మెరిమన్ అనే వానిని సైనికులు నిర్బంధించి మెక్‌హెన్రీ కోటలో ఉంచారు. ప్రధాన న్యాయమూర్తి టానీ అతనిని తన ఎదుట హాజరు పరచవలసినదిగా ఆజ్ఞాపత్రం పంపాడు. కోట అధిపతి పాటించలేదు. కోర్టు ధిక్కారం క్రింద ఆ అధిపతినే పట్టి తెమ్మని మరొక పత్రం వెలువడింది. దానిని తీసుకొని కోర్టు మార్షల్ కోట ద్వారం వద్దకు వెళ్ళి తన పేరు లోపలికి పంపాడు. ద్వారం తెరుచుకోలేదు. ఆయన చేతిలోని కాగితం చేతిలోనే ఉండిపోయింది. నీగ్రోలకు పౌరసత్వం లేదని 1857లో తీర్పు చెప్పినవాడు కూడా ఈ టానీయే కావడంచేత ఆయనపై మాకు గౌరవం తక్కువ. అయినను ఆ దినాన ధర్మం ఆయన పక్షాన లేదని త్రోసివేయడం మాకు చేతకావడం లేదు. పాతికేళ్ళు సమన్లమీద బ్రతికిన వకీలు, కోర్టు కాగితం కోట గుమ్మం దాటకుండా ఆపిన ప్రభుత్వానికి అధిపతి అయ్యాడు. దేశమే చీలిపోతుంటే ఒక్క నియమాన్ని కాపాడి మిగిలిన చట్టాలన్నింటినీ పోగొట్టుకోవలెనా అన్నది లింకన్ సమాధానం. 1863 మార్చిలో కాంగ్రెసు అట్టి అధికారాన్ని చట్టం ద్వారా అంగీకరించింది.

ఆ సంవత్సరమే జనవరి ఒకటవ తేదీన తిరుగుబాటు ప్రాంతాల బానిసలకు విమోచనం ప్రకటించాడు. 1865 జనవరిలో బానిసత్వాన్ని సమూలంగా రద్దుచేసే సవరణను ప్రతినిధుల సభ ఆమోదించేవరకు విశ్రమించలేదు. ఏప్రిల్ 14 రాత్రి నాటకశాలలో హంతకుని తూటాకు గురియై, మరునాటి ఉదయం కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 56.

డేవిస్‌ను లింకన్ 1862లోనే సుప్రీం కోర్టు న్యాయమూర్తిగా నియమించి ఉన్నాడు. ఇండియానాలో మిల్లిగన్ అనే పౌరునికి సైనిక న్యాయస్థానం విధించిన మరణశిక్ష 1866లో ఆ కోర్టు ఎదుటికి వచ్చింది. సాధారణ న్యాయస్థానాలు తెరిచి పనిచేస్తున్నచోట పౌరుని సైనికులు విచారించరాదని తీర్పు వెలువడింది. ఆ తీర్పు వ్రాసినవాడు డేవిస్. తనను ఆ పీఠంపై కూర్చుండబెట్టిన మిత్రుని ప్రభుత్వం నడిపిన విచారణను ఆయన ఆ విధంగా కొట్టివేశాడు.

ఆ కాలమంతా లింకన్ ఆస్తి వ్యవహారాలు చూచినవాడు కూడా డేవిస్సే. ఇతరుల ఆస్తి తగాదాలెన్నో నడిపిన ఆ వకీలు తనకై వీలునామా వ్రాసుకోలేదు. డేవిస్ లెక్కలు సరిచూచి, అప్పులు చెల్లించి, మిగిలిన లక్షా పదివేల డాలర్ల పైచిలుకు ధనాన్ని భార్య మేరీకి, ఇద్దరు కుమారులకు సమానంగా పంచియిచ్చాడు.