ఖాళీ పట్టు విలువ తెలిసిన లాంగ్‌స్ట్రాత్

పొద్దుతిరుగుడు చేల గట్లమీద ఇటాలియన్ ఈగల పెట్టెలు పెడుతుంటారు. వాటిలో చాలావాటికి నమూనా అమెరికావాడు లారెంజో లాంగ్‌స్ట్రాత్ చేసిన పెట్టే. ఆ పెట్టెలు మోసే కూలీలకు ఆయన పేరు తెలీదు. తెలియాలని మా కోరిక.

1810లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. చర్చి బోధకుడు. మనోవ్యాధి వచ్చినప్పుడు నెలల తరబడి ఏ పనీ చెయ్యలేకపోయేవాడు. ఆ రోజుల్లో చాలామంది రైతులు గంధకం పొగతో ఈగల్ని చంపి పట్టు కోసుకునేవాళ్లు. చట్రానికీ పెట్టె గోడకీ మధ్య సుమారు 9 మిల్లీమీటర్ల సందు వదిలితే ఈగలు దాన్ని పూడ్చవనీ, అందులో పట్టు కట్టవనీ, దారిగా వాడుకుంటాయనీ 1851లో ఆయన గ్రహించాడు. దాంతో చట్రం పైకి తియ్యటం, మళ్లీ పెట్టటం సులువైంది. పట్టు చెడకుండా మిగిలింది.

పట్టు అంటే కూలి ఈగల పోగుపడ్డ కష్టం. కాస్త మైనం తియ్యాలంటే అవి అంతకు ఎన్నో రెట్లు తేనె తినాలి. అందుకే మంచి పట్టును కరిగించవద్దనీ, కొత్త గుంపుకి ఇవ్వమనీ ఆయన చెప్పాడు.

కానీ కాపలా లేని పట్టుకి మైనపు పురుగు పడుతుంది. రెక్కల పురుగు సందుల్లో గుడ్లు పెడుతుంది, పిల్లలు పట్టును తొలిచి గూడు అల్లుతాయి. పురుగు దూరని పెట్టెలంటూ ఆనాడు వ్యాపారులు రైతులకు ఎన్నో అంటగట్టారు. 1853లో వచ్చిన తన పుస్తకంలో ఆ బూటకాన్ని లాంగ్‌స్ట్రాత్ ఎండగట్టాడు. బలమైన గుంపు పురుగును తరిమేస్తుంది, రాణి పోయి నీరసించిన ఇంట్లోనే అది కాపురం పెడుతుంది అన్నది ఆయన వాదం. దాచిన పట్టుకి గంధకం పొగ పెట్టమన్నాడు.

వాళ్లకి గడ్డకట్టే చలి కూడా తోడుంది, మనకి లేదు. పైగా ఆ పొగకి గుడ్లు చావవు. కాబట్టి పది పదిహేను రోజులకి మళ్లీ పెట్టాలి. ఆరుబయటే పెట్టాలి, ఆ పొగ పీలిస్తే ఊపిరితిత్తులకి చేటు. తర్వాత చట్రాల్ని ఎడంఎడంగా, గాలీ వెలుతురూ తగిలేచోట, ఎలకలకి అందకుండా వేలాడదియ్యాలి. నాఫ్తలీన్ గోళీలు వద్దు, ఆ వాసన మైనంలోకీ తేనెలోకీ ఎక్కుతుంది. ఖాళీ పెట్టె సందులు పూడ్చి, ద్వారం మూసి ఉంచాలి. పిల్ల ఈగలు కుళ్లే జబ్బుతో చచ్చిన గుంపు పట్టు మాత్రం దాచొద్దు, కాల్చెయ్యాలి.

1852 అక్టోబరు 5న పెట్టెకి పేటెంటు దొరికింది. పెట్టెల వ్యాపారులు దాన్ని పట్టించుకోకుండా తయారుచేసి అమ్ముకున్నారు, కోర్టుల చుట్టూ తిరిగినా ఆయనకి దక్కింది స్వల్పం. ఏ వడ్రంగి అయినా చెయ్యగల పనికి కాగితంతో తాళం వెయ్యబోవటం మాకు నచ్చదు. అయితే ఆ తాళం పగలగొట్టి బాగుపడిందీ పేద రైతు కాదు.

1895 అక్టోబరు 6న డేటన్ పట్టణంలో, చర్చిలో ప్రసంగం మొదలుపెడుతూనే కుప్పకూలి చనిపోయాడు.