హంసముద్ర

శ్రీరామకృష్ణ పరమహంసులు మహాసమాధి నొందిన పదునొకండవ యేట, 1897 మే 1వ తేదీన, కలకత్తాలో బలరామవసుగారి గృహమునందు వివేకానందస్వామి రామకృష్ణ మిషనును స్థాపించిరి. కాని ఆ పద్ధతి అందఱికిని రుచింపలేదు. భగవత్సాక్షాత్కారమే పరమార్థమని బోధించిన గురుదేవుల పేర ఈ సభలు, తీర్మానములు, లోకసేవ ఏల యని యోగానందస్వామి సంశయించిరి. ఇవి పాశ్చాత్యుల పోకడలని వారి తలంపు. ఉపాధ్యక్షభారమును మాత్రము కాదనక వహించిరి. పరుల మాటయైనచో స్వామీజీ లెక్కసేయకుందురేమో. ఇది ఒకే గురుపాదముల చెంత పెరిగిన సోదరుని మాట.

1900 జూలైలో, రెండవ అమెరికా యాత్రయందు న్యూయార్కున నుండగా, స్వామీజీ ఒక ముద్రను కల్పించిరి. చేతికందిన కవరుమీదనే దానిని గీచిరని చెప్పుదురు. అప్పటికే వారి దేహము రోగములచే శిథిలమగుచుండెను.

అందు గురుదేవుల రూపము లేదు. అలలతో కల్లోలితమైన నీరు కర్మకు, ఆ నీట విరిసిన కమలము భక్తికి, ఉదయించు సూర్యుడు జ్ఞానమునకు, వీనినెల్ల చుట్టియున్న సర్పము యోగమునకును, మేల్కొన్న కుండలినికిని గుర్తులు. నడుమనున్న హంస పరమాత్మ. ఆ హంసను గాంచినపుడు పరమహంసులు స్మరణకు రాకపోరు. నీరు లేనిచో కమలమునకు నిలుకడ లేదు. సూర్యుడు లేనిచో వికాసము లేదు. కర్మను విడిచి భక్తిజ్ఞానములను మాత్రమే నిలుపుకొందమన్నవారికి స్వామీజీ ఏ ఉపన్యాసమునను ఇంత సూటిగా బదులీయలేదనవచ్చును. దానిని చూచుటకు యోగానందస్వామి లేరు. 1899 మార్చిలోనే వారు దేహము చాలించిరి.

1901లో జూబిలీ ఆర్ట్ అకాడమీ స్థాపకులగు రణదాప్రసాద దాసగుప్తగారు బేలూరు మఠమునకు వచ్చినపుడు స్వామీజీ ఈ చిత్రమును వారికి చూపిరి. చిత్రకారుడయ్యును ఆయనకు మొదట అర్థము బోధపడలేదు. చూచినంతనే తెలియని గుర్తు గుర్తెట్లగునని కొంద రాక్షేపింపవచ్చును. స్వామీజీ విడమరచి చెప్పిన పిదప రణదాబాబు ఆశ్చర్యముతో మిన్నకుండి, ఇట్టివారివద్ద చిత్రకళ నభ్యసింప గలిగిన బాగుండునని కోరిరి. నాడే స్వామీజీ తాము సంకల్పించిన ఆలయపు నమూనానుగూడ వారికి చూపిరి.

1902 జూలై 4న స్వామీజీ దేహత్యాగ మొనర్చిరి. ఆ ఆలయము 1938 జనవరి 14న ప్రతిష్ఠింపబడెను. దాని ముఖద్వారముపై రాతియందు ఆ హంస చెక్కబడియున్నది. దర్శనార్థులు నేటికిని దాని క్రిందుగానే లోనికి పోవుదురు.