టంగుటూరి ప్రకాశం పంతులు

టంగుటూరి ప్రకాశం పంతులు (ఆగష్టు 23, 1872 - మే 20, 1957) సుప్రసిద్ధ స్వాతంత్ర్య సమరయోధుడు, న్యాయవాది, పాత్రికేయుడు, ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి. ఆంధ్రకేసరి అన్న బిరుదుతో ప్రసిద్ధుడు. న్యాయవాదిగా లక్షలు ఆర్జించి, ఆ సంపదనంతా ప్రజాజీవితంలో వెచ్చించి, చివరకు నిరాడంబర పరిస్థితులలో మరణించాడు.

బాల్యం, విద్యాభ్యాసం

ప్రకాశం నేటి ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలోని వినోదరాయునిపాలెం గ్రామంలో సుబ్బమ్మ, గోపాలకృష్ణయ్య దంపతులకు జన్మించాడు. ఆ ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆయన బాల్యంలోనే తండ్రి మరణించడంతో తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పోషించింది. ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు ప్రకాశాన్ని చేరదీసి, తాను రాజమండ్రికి మారినపుడు వెంట తీసుకువెళ్ళి చదివించాడు. తరువాత ప్రకాశం మద్రాసులో న్యాయశాస్త్రం చదివాడు.

న్యాయవాద వృత్తి

ద్వితీయ శ్రేణి ప్లీడరుగా రాజమండ్రిలో మంచి పేరు, ధనం సంపాదించాడు. ఆ పట్టణ పురపాలక సంఘ అధ్యక్షుడిగా కూడా పనిచేశాడు. అయితే ద్వితీయ శ్రేణి ప్లీడర్లకు హైకోర్టులో వాదించే అర్హత లేదు. అందువలన 1904లో ఇంగ్లాండు వెళ్ళి, బారిష్టరు పట్టాతో 1907లో తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు ప్రారంభించాడు. అనతికాలంలోనే అక్కడి ప్రముఖ న్యాయవాదులలో ఒకడయ్యాడు. లా టైమ్స్ అనే న్యాయశాస్త్ర పత్రికకు సంపాదకత్వం వహించాడు. 1907లో బిపిన్ చంద్రపాల్ మద్రాసుకు వచ్చినపుడు, ప్రభుత్వానికి వెరచి ఇతరులు వెనుకాడగా, ఆయన సభకు అధ్యక్షత వహించాడు.

స్వాతంత్ర్యోద్యమం

గాంధీజీ సహాయ నిరాకరణోద్యమానికి పిలుపునిచ్చినపుడు 1921లో ప్రకాశం న్యాయవాద వృత్తిని విడిచిపెట్టాడు. అదే సంవత్సరం మద్రాసులో స్వరాజ్య అనే ఆంగ్ల దినపత్రికను స్థాపించాడు. ఖాసా సుబ్బారావు వంటి పాత్రికేయులు ఇందులో పనిచేశారు. పత్రిక ఆదరణ పొందినా నష్టాలు తప్పలేదు. బారిష్టరుగా ఆర్జించిన ఆస్తి చాలావరకు దాని నిర్వహణకే ఖర్చయింది. 1930 దశకంలో అది మూతపడింది.

1926లో ప్రకాశం కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ రాకకు నిరసనగా మద్రాసులో హర్తాళ్ జరిగింది. హైకోర్టు సమీపంలోని ప్యారీస్ కార్నర్ వద్ద పోలీసుల కాల్పులలో ఒక యువకుడు మరణించాడు. మృతదేహాన్ని చూడడానికి వెళ్ళిన ప్రకాశాన్ని సాయుధులు అడ్డగించగా, ఆయన రొమ్ము చూపి కాల్చమని సవాలు చేశాడు. ఈ సంఘటన తరువాత ప్రజలు ఆయనను ఆంధ్రకేసరిగా పిలవసాగారు. 1930లో శాసనసభ సభ్యత్వానికి రాజీనామా చేసి ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నాడు. క్విట్ ఇండియా ఉద్యమంలో 1942 నుండి 1945 వరకు కారాగారవాసం అనుభవించాడు.

పదవులు

1937లో మద్రాసు రాష్ట్రంలో ఏర్పడిన రాజాజీ మంత్రివర్గంలో ప్రకాశం రెవెన్యూ మంత్రి అయ్యాడు. జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షత వహించాడు. భూమిపై హక్కు రైతుదేనని ఆ సంఘం తేల్చింది. కానీ 1939లో మంత్రివర్గం రాజీనామా చేయడంతో సిఫారసులు అమలు కాలేదు. 1946 ఏప్రిల్‌లో ఆయనే మద్రాసు ముఖ్యమంత్రి అయ్యాడు. స్వపక్షంలోని విభేదాల వలన 1947 మార్చిలో పదవిని వీడాడు. 1948లో నిజాం రాజ్యానికి వెళ్ళి రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీని కలుసుకోవడం ఆయన సాహసానికి మరొక నిదర్శనం.

1951లో కాంగ్రెసును వీడిన ప్రకాశం 1952 ఎన్నికలలో మద్రాసు నగరంలో ఓడిపోయాడు. అయినా 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు కాంగ్రెసు మద్దతుతో తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆయన పాలనలోనే 1954లో ప్రారంభమైంది. మద్యనిషేధ విధానంపై వచ్చిన అవిశ్వాస తీర్మానం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో నెగ్గడంతో ప్రభుత్వం పడిపోయింది.

చివరి రోజులు

1957 వేసవిలో ఒంగోలు ప్రాంతంలో పర్యటిస్తూ వడదెబ్బకు గురైన ప్రకాశం హైదరాబాదులో చికిత్స పొందుతూ మే 20న మరణించాడు. ఆయన ఆత్మకథ పేరు నా జీవిత యాత్ర. 1852-55 నాటి పాత ఆనకట్ట 1952లో తెగిపోగా విజయవాడ వద్ద కృష్ణానదిపై నిర్మించిన బ్యారేజీకి ఆయన పేరు పెట్టారు. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లాగా నామకరణం చేశారు.