కూర్దూ పాదిరి, కృష్ణాపురపు పంచాంగము

చిక్కబళ్లాపురమనగానే నందిదుర్గము తలంపునకు వచ్చును. ఒకప్పుడా పట్టణము ఫ్రెంచి జెసూటుల కర్నాటిక్ మిషనుకు స్థావరము. వేదముల వ్రాతప్రతులను సంపాదించి పారిసు రాజగ్రంథాలయమునకు పంపిన కల్మెట్ పాదిరి 1740లో అక్కడనే కన్నుమూసెను. ఆ మిషనువారిలో గాస్టన్ లారెంట్ కూర్దూ మరియొకడు.

1691లో ఫ్రాన్సునందలి బూర్జ్ నగరమున జన్మించిన కూర్దూ 1732లో మన దేశమునకు వచ్చెను. మతప్రచారమునకై వచ్చి తెలుగు నేర్చెను, సంస్కృతము నేర్చెను, తెలుగు-సంస్కృత-ఫ్రెంచి నిఘంటువు కూర్చెను. సంస్కృతమునకు లాటిను, గ్రీకులతోగల చుట్టరికమును 1767లోనే పారిసు పండితులకు వ్రాసి పంపెను. విలియం జోన్సు ఆ మాట చెప్పినది 1786లో. కూర్దూ లేఖ అచ్చుపడినది 1808లో. కాలము మించి దాఖలైన పత్రము గతి యెట్టిదో న్యాయవాదులకు చెప్పనక్కరలేదు.

కూర్దూ 1744 మొదలు 1751 వరకు మిషనుకు అధిపతి. పారిసునందలి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు డెలీలుతో ఆయనకు ఉత్తరప్రత్యుత్తరములు నడిచెను. ఆ కాలముననే, 1750 ప్రాంతమున, ద్యూషాం పాదిరి కృష్ణాపురమునుండి బ్రాహ్మణుల గణితపట్టికలను ఐరోపాకు పంపెను. నరసాపురపు పట్టికలు పటూయే పాదిరి మూలమున డెలీలుకు చేరెను. కృష్ణాపురపు లెక్కకు ఆరంభదినము 1491 మార్చి 10. నాడు సూర్యచంద్రులు కూడియుండిరి.

ఇందొక చిత్రము కలదు. 1616లో కొపర్నికస్ గ్రంథమును నిలిపివేసిన రోమను మతసభ, సూర్యుడు కేంద్రమని బోధించు గ్రంథములపై సామాన్యనిషేధమును 1758 వరకు తొలగింపలేదు. ఆ శాసనమునకు లోబడిన సన్న్యాసులే మన సిద్ధాంతులకడ గ్రహగణితము సేకరించిరి. గణితమునందు వైరమేమియు లేదు; ఏది తిరిగినను గ్రహణవేళ మారదు. ఈస్టరు పండుగ నిర్ణయమునకు పూర్ణిమ కావలసిన క్రైస్తవసంఘమునకు పంచాంగమన్న పరాయిది కాదు.

బెయిలీ 1787లో ఈ పట్టికలను ప్రకటించి భారత జ్యోతిషము అతిప్రాచీనమని వాదించెను, లాప్లాసు ఒప్పుకొనలేదు. ఆ వాదము ముదురక మునుపే, 1773లో పోపు జెసూటు సంఘమును రద్దుచేసెను. కూర్దూ పుదుచ్చేరియందే నిలిచి 1779లో మరణించెను. పట్టికలు మాత్రము నేటికిని గణించిన సిద్ధాంతి పేరుతో గాక కృష్ణాపురము పేరుతోనే పిలువబడుచున్నవి.