పళ్ల వైద్యానికి బాట వేసిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్

వందేళ్ల క్రితం మన దేశంలో పంటినొప్పి వస్తే సామాన్యుడికి దిక్కు సంతలో కూర్చుని పన్ను పీకే మనిషే. పళ్ల వైద్యం పద్ధతిగా నేర్చుకోవాలంటే సముద్రాలు దాటవలసిందే. అలా దాటి వెళ్లి, నేర్చిన విద్యను తన దేశ ప్రజలకు పంచిన మహనీయుడు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్.

ఆయన 1890 డిసెంబరు 24న ఢాకా ప్రాంతంలో జన్మించారు. అలీగఢ్‌లో చదువు ముగించుకొని 1909లో అమెరికా వెళ్లారు. అయోవా విశ్వవిద్యాలయంలో దంతవైద్యం అభ్యసించి 1915లో పట్టా పొందారు. ఆ తరువాత బోస్టన్ నగరంలోని ఫోర్సైత్ ఆసుపత్రిలో పనిచేశారు. అది పిల్లల పళ్ల కోసమే వెలసిన ఆసుపత్రి. పెద్దయ్యాక పన్ను పీకడం కన్నా పసితనంలోనే దాన్ని కాపాడటం మేలన్న ఆలోచనతో నడిచిన సంస్థ.

1919లో స్వదేశానికి తిరిగి వచ్చిన అహ్మద్ సాహెబ్ మరుసటి ఏడాదే కలకత్తాలో దంత కళాశాల స్థాపించారు. భారతదేశంలో అదే మొదటిది. మరి డబ్బు? దానికోసం ఆయన న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే శీతలపానీయాల దుకాణం తెరిచారు. ఆ దుకాణం రాబడితో కళాశాలను నడిపారు. తీపి పళ్లకు చేటు చేస్తుంది; ఆయన మాత్రం తీపి అమ్మిన సొమ్మును పళ్లను కాపాడే చదువుకు ఖర్చు పెట్టారు. ముహమ్మద్ అలీ జిన్నా సోదరి ఫాతిమా జిన్నా ఆ కళాశాలలోనే చదివి, 1923లో బొంబాయిలో సొంత దంత వైద్యశాల పెట్టుకున్నారు.

1925లో ఆయన దంతవైద్య పత్రికను ప్రారంభించి ఎన్నో ఏళ్లు సంపాదకత్వం వహించారు. 1928లో విద్యార్థుల కోసం పాఠ్యగ్రంథం రాశారు. తెలిసినవాడూ తెలియనివాడూ పళ్ల డాక్టరుగా బోర్డు కట్టుకునే రోజులవి. దాన్ని అరికట్టడానికి బెంగాల్‌లో 1939లో చట్టం వచ్చింది. దాని వెనుక ఆయన కృషి ఉంది. దేశమంతటికీ వర్తించే చట్టం 1948లో వచ్చింది. 1949లో ఆయన తన కళాశాలను ప్రభుత్వానికి అప్పగించారు. తరువాత పశ్చిమ బెంగాల్ మంత్రివర్గంలో 1962 వరకు పనిచేశారు. 1964లో పద్మభూషణ్ అందుకొని, 1965 ఫిబ్రవరి 9న కన్నుమూశారు. నేడు ఆ కళాశాల ఆయన పేరుతోనే ఉంది. ఆయన పుట్టినరోజును జాతీయ దంతవైద్యుల దినంగా జరుపుకుంటున్నారు.

ఇంత శ్రమతో దేశానికి వచ్చిన ఈ విద్య చెప్పే మొదటి మాట ఏమిటంటే, పన్ను ఒక్క రాత్రిలో పాడుకాదు. తీపి పళ్ల సందుల్లో మిగిలితే సూక్ష్మక్రిములు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటిపై పెంకును కొద్దికొద్దిగా కరిగిస్తుంది. గుంట పడి నరం దాకా చేరితే చీము పడుతుంది. అప్పుడు అర్ధరాత్రి దవడ వాచి, మాడుగుల వంటి ఊళ్ల వారు చోడవరం, అనకాపల్లి దారి పట్టవలసి వస్తుంది. నెలల తరబడి సాగిన నిర్లక్ష్యమే ఒక రాత్రి ఆపదగా బయటపడుతుంది.

మాడుగుల అంటేనే హల్వా. దాన్ని మానమని ఎవరూ అనరు. భోజనంతో పాటు తిని నోరు పుక్కిలిస్తే సరి. రోజంతా కొంచెం కొంచెంగా నములుతూ ఉంటేనే పళ్లకు విశ్రాంతి లేక చేటు. పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోముకోవాలి. రెంటిలో రాత్రిది మరీ ముఖ్యం. రంజాన్‌లో సహరీ తిని అలాగే పడుకోవడం మంచిది కాదు. బొగ్గు, ఇటుకపొడి పళ్లను అరగదీస్తాయి. జర్దా, గుట్కా, ఖైనీ నోటికి శత్రువులు. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో కొందరు స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల ఉంచి కాల్చే అడ్డపొగ అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుంది. సోడా మూతలు పళ్లతో తీయడం, నొప్పి మాత్ర నలిపి చిగురుపై పెట్టడం కూడా కూడదు.

ఆటలో పిల్లవాడి పన్ను ఊడిపడితే, అది పాలపన్ను కాకపోతే, వేరును తాకకుండా పైభాగం పట్టుకోవాలి. మురికి ఉంటే రుద్దకుండా కడిగి తిరిగి గుంటలో పెట్టాలి. అది వీలుకాకపోతే పాలలో వేసి గంటలోపు డాక్టరును చేరాలి. వాపుతో జ్వరం వచ్చినా, మింగడం, ఊపిరి కష్టమైనా తెల్లవారేదాకా ఆగకూడదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) మిస్వాక్‌ను ఎంతగా ఇష్టపడ్డారో, ప్రాణం పోయే ఘడియల్లో కూడా దాన్ని ఎలా వాడారో మనకు తెలుసు. వజూలో నోరు పుక్కిలించడం మన ఇళ్లలో రోజూ జరిగేదే. దానితో పాటు రాత్రి బ్రష్షు కూడా అలవాటు చేస్తే, అహ్మద్ సాహెబ్ దూరదేశం వెళ్లి తెచ్చిన విద్య మన పిల్లలకు ఆసుపత్రి మెట్లెక్కకుండానే అందుతుంది.