డెబ్భై ఏడవ ఏట రాష్ట్రపతి – మార్షల్ మన్నర్‌హైమ్

మనలో చాలామందిమి యాభై ఎనిమిదికో అరవైకో పూలదండ వేయించుకుని ఇల్లు చేరినవాళ్ళం. ఫిన్లాండ్ సేనాని కార్ల్ గుస్తాఫ్ ఎమిల్ మన్నర్‌హైమ్ గారికి అసలు పరీక్షాకాలం డెబ్భై దాటాకే వచ్చింది.

వారు 1867 జూన్ 4న జన్మించారు. స్వీడిష్ మాట్లాడే ప్రభు కుటుంబం. తండ్రి దివాలా తీసి ఇల్లు విడిచి వెళ్ళిపోయారు. అప్పట్లో ఫిన్లాండ్ రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది గనుక యువకుడైన గుస్తాఫ్ రష్యా అశ్వికదళంలో చేరి దాదాపు మూడు దశాబ్దాలు పనిచేశారు. 1906–08 మధ్య ఆసియా గుండా పెకింగ్ దాకా ప్రయాణించారు, అందులో ఎక్కువ దూరం గుర్రం మీదే. 1918 అంతర్యుద్ధంలో శ్వేతసేనకు నాయకత్వం వహించి గెలిచారు. అయితే ఆ తరువాత ఖైదీల శిబిరాలలో ఆకలితో, రోగాలతో వేలమంది చనిపోయారు. కార్మిక కుటుంబాలు ఆ సంగతిని ఎన్నాళ్ళకూ మరువలేదు. మన దేశానికి కూడా వారు పులుల వేట కోసం వచ్చి వెళ్ళారు.

1939 నవంబరులో సోవియట్ సేనలు దండెత్తేనాటికి ఆయన వయసు 72. మళ్ళీ సర్వసేనాధిపతి అయ్యారు. ఆ శీతకాల యుద్ధం 1940 మార్చిలో ముగిసింది. 1941లో ఫిన్లాండ్ జర్మనీ పక్కన నిలిచి మళ్ళీ రష్యాతో యుద్ధానికి దిగింది. ఆ నిర్ణయంలో మన్నర్‌హైమ్ గారి బాధ్యతను తక్కువ చేసి చెప్పడం న్యాయం కాదు.

1944 వేసవికి జర్మనీ ఓటమి తేలిపోయింది. విడిగా సంధి చేసుకోబోమని అధ్యక్షుడు ర్యుతి జూన్‌లో జర్మనీకి తన పేరు మీద లేఖ ఇచ్చి ఆయుధాలు తెచ్చుకున్నారు. ఆగస్టు 1న ఆయన రాజీనామా చేశారు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, సంతకం మనిషిదే గాని కుర్చీది కాదు; మనిషి మారాడు గనుక మాట చెల్లదు! పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఆగస్టు 4న మన్నర్‌హైమ్ గారిని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది.

సెప్టెంబరు మొదట్లో సోవియట్లతో కాల్పులు ఆగాయి. షరతులు మాత్రం కఠినం. ఉత్తరాన లాప్‌లాండ్‌లో ఉన్న సుమారు రెండు లక్షల జర్మన్ సైన్యం సెప్టెంబరు 15లోగా వెళ్ళిపోవాలి, వెళ్ళకపోతే ఫిన్నులే నిర్బంధించాలి. అదే సమయంలో తమ సైన్యాన్ని ఇళ్ళకు పంపి తగ్గించుకోవాలి. అంత పెద్ద సైన్యం ఆ గడువులో కదలడం అసాధ్యం. మూడేళ్ళు కలిసి పోరాడిన రెండు సైన్యాలూ మొదట లోపాయికారీగా సర్దుకున్నాయి. జర్మన్లు వెనక్కి జరుగుతుంటే ఫిన్నులు తాపీగా వెనక నడిచారు. మాస్కో దీన్ని ఊరుకోలేదు. నిజంగా యుద్ధం చేయకపోతే సోవియట్ సేనలే దేశంలోకి వస్తాయన్న భయం పట్టుకుంది. అక్టోబరు 1న జనరల్ సీలాస్‌వూ దళాలు సముద్ర మార్గాన తోర్నియో రేవులో దిగాయి. నిన్నటి మిత్రులు ఇక నిజమైన శత్రువులయ్యారు.

కోపంతో జర్మన్లు వెనుదిరుగుతూ వంతెనలు పేల్చారు, దారులలో మందుపాతరలు పెట్టారు, ఊళ్ళకు ఊళ్ళు తగులబెట్టారు. ముఖ్యపట్టణం రోవానియెమి దాదాపు బూడిదైంది. అదృష్టవశాత్తూ జనాన్ని ముందే తరలించారు. సుమారు లక్షమంది ఇళ్ళు వదలగా సగానికి పైగా స్వీడన్‌లో తలదాచుకున్నారు, తమ ఆవులను కూడా తోలుకుని! తిరిగి వచ్చినవారికి చాలాచోట్ల కనిపించినవి పొగగొట్టాలే. యుద్ధం ముగిశాక కూడా మందుపాతరలు పిల్లలనూ పెద్దలనూ బలిగొన్నాయి. వయసు మళ్ళిన సైనికులను ఇళ్ళకు పంపడంతో చివరి నెలల్లో పోరాడినవారు ఎక్కువగా కుర్రవాళ్ళే. సుమారు వెయ్యిమంది ఫిన్నిష్ సైనికులు మరణించడమో గల్లంతవడమో జరిగింది. ఆఖరి జర్మన్ సైనికుడు 1945 ఏప్రిల్ 27న సరిహద్దు దాటాడు.

ఇంత నష్టానికీ ఫలితం ఒకటుంది: సోవియట్ సేనలు దేశాన్ని ఆక్రమించలేదు, పార్లమెంటు నిలిచింది. ఆరోగ్యం చెడడంతో మన్నర్‌హైమ్ గారు 1946 మార్చిలో పదవి వదిలి, ఎక్కువగా స్విట్జర్లాండ్‌లో ఉంటూ జ్ఞాపకాలు రాసుకున్నారు. 1951 జనవరిలో లోజాన్ నగరంలో కన్నుమూశారు. హెల్సింకీలోని హియెతానియెమి శ్మశానంలో, యుద్ధంలో పోయిన సైనికుల సమాధుల నడుమ ఆయనను ఖననం చేశారు.