అలకు వెల కట్టినవాడు

ఫ్లూయిడ్ మెకానిక్స్ పరీక్ష రాసిన ప్రతివాడికీ ఫ్రూడ్ నంబరు తెలుసు. రెండు మార్కుల ప్రశ్న. ఆ పేరుగల మనిషి ఎవరయ్యా అంటే మాత్రం తరగతి తరగతంతా ఫ్యానుకేసి చూస్తుంది. చాలా ఏళ్లుగా ఆ పాఠం చెబుతున్నవాణ్ణి కనక, ఈ ఏటి సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ కుర్రాళ్లు అడగ్గానే నాకు ముందు తట్టింది ఆయనే.

విలియం ఫ్రూడ్ 1810 నవంబరు 28న ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో, డార్టింగ్టన్‌లో పుట్టాడు. తండ్రి చర్చి అధికారి. తమ్ముడు జేమ్స్ ఆంథొనీ చరిత్రకారుడిగా పేరు మోశాడు. విలియం ఆక్స్‌ఫర్డులో గణితం చదివాడు. 1837 నుంచి ప్రసిద్ధ ఇంజనీరు బ్రూనెల్ కింద రైలుమార్గం పని చేశాడు. 1846లో, ముసలి తండ్రిని చూసుకోవడానికి ఉద్యోగం వదిలి ఇంటికొచ్చేశాడు. అక్కడితో ఈయన పని అయిపోయిందని లోకం అనుకోవచ్చు. అసలు కథ మొదలైందే అక్కణ్ణుంచి.

అప్పట్లో బ్రూనెల్ గ్రేట్ ఈస్టర్న్ అనే మహానౌక కట్టిస్తున్నాడు. సముద్రం మీద అది ఎంత ఊగుతుందో చూసి చెప్పమని 1857లో పాత శిష్యుణ్ణి అడిగాడు. బరువంతా అడుగున పేరిస్తే ఓడ కదలకుండా నిలుస్తుందని మనబోటివాళ్లం అనుకుంటాం. ఫ్రూడ్ అలా కాదన్నాడు. ప్రతి ఓడకీ ఉయ్యాలకున్నట్టే సొంత ఊపు ఒకటుంటుంది. అలల రాక ఆ ఊపుతో కలిసిందా, ప్రమాదం అక్కడే. బరువు మరీ కిందికి దించితే ఓడ చటుక్కు చటుక్కున విదిలిస్తుంది. 1861లో ఈ సిద్ధాంతం ప్రకటించాడు. ఊపు తగ్గడానికి ఓడ అడుగు అంచుల వెంబడి బిల్జ్ కీల్ అనే పలకలు బిగించి, అవి పనిచేస్తాయని ప్రయోగం చేసి చూపించాడు.

తరువాత అల మీద పడ్డాడు. ఓడ వెనక లేచే అల ఊరికే లేవదు. దాన్ని లేపే శక్తి ఇంజనే ఇచ్చుకోవాలి, అంటే బొగ్గు కాలాలి. ఎంత కాలుతుందో ఓడ కట్టకముందే తెలుసుకోవడం ఎలా? 1867లో రెండు ఆకారాల నమూనాలు చేశాడు. మొద్దుగా గుండ్రంగా ఉన్నది స్వాన్, సన్నగా వాడిగా ఉన్నది రేవెన్. ఒక్కొక్కటీ 3, 6, 12 అడుగుల సైజుల్లో చేసి డార్ట్ నదిలో లాగించాడు. నెమ్మదిగా పోయేటప్పుడు రేవెన్ సులువుగా సాగింది, వేగం పెంచితే స్వానే నయమైంది. అంతకంటే ముఖ్యం, వేగం పొడవు వర్గమూలాన్నిబట్టి మారిస్తే చిన్నదీ పెద్దదీ ఒకే తీరు అలలు లేపాయి. 12 అడుగుల నమూనా 3 అడుగుల దానికంటే రెట్టింపు వేగంతో పోతే, రెండు అలలూ అచ్చు తల్లీపిల్లల్లా ఉంటాయన్నమాట.

పెద్దలు నమ్మారా? లేదు. బొమ్మ పడవల్ని చూసి ఓడల సంగతి చెప్పడమేమిటని సాటి ఇంజనీర్లు పెదవి విరిచారు. బ్రిటిష్ అసోసియేషన్ కమిటీ నిజమైన ఓడలతోనే ప్రయోగాలు చేయాలంది. కమిటీలో ఉండి కూడా ఫ్రూడ్ ఒప్పుకోలేదు. వాదించి ఊరుకోకుండా కొలిచి చూపించాడు. నౌకాదళం ఇచ్చిన 2,000 పౌన్లతో టార్కీలో తన ఇంటి పక్కన 278 అడుగుల తొట్టి కట్టి, 1872లో పారఫిన్ మైనపు నమూనాలు లాగడం మొదలుపెట్టాడు. 1871లో గ్రేహౌండ్ అనే నిజం ఓడను మరో ఓడచేత లాగించాడు. లాగే ఓడ లేపిన అల దీనికి తగలకూడదని తాడును పక్కకు చాపిన దూలానికి కట్టించాడు. తొట్టిలో నమూనా చెప్పిన లెక్కా, సముద్రంలో ఓడ చెప్పిన లెక్కా కలిశాయి.

ఇదంతా పండితుల తగువు కాదు. 1870 సెప్టెంబరులో కెప్టెన్ అనే యుద్ధనౌక గాలివానలో బోర్లాపడి, దాదాపు 500 మంది చచ్చిపోయారు. రూపకర్త కూడా అందులోనే పోయాడు. అనుకున్నదానికంటే బరువెక్కి, ఆ ఓడ నీళ్లలోకి ఎక్కువ దిగిపోయింది. మరుసటి ఏడు యుద్ధనౌకల రూపకల్పనను పరిశీలించడానికి వేసిన కమిటీలో ఫ్రూడ్ సభ్యుడు.

అమెరికాలో ఉంటున్న మన పాత విద్యార్థి ఒకాయన కిందటేడు నన్నో ప్రశ్న అడిగాడు. పడవ వెనక పలక మీద నిలబడి అల మీంచి ఎగిరే వేక్‌బోర్డింగ్ ఆయన సరదా. ఉన్నదేమో స్కీ పడవ, దాని అల బాగా చిన్నది. బరువు వేస్తే పెరుగుతుందా? ఫ్రూడే జవాబు చెబుతాడన్నాను. స్కీ పడవ గంటకు 55 కిలోమీటర్ల దగ్గర నీటిపైకి తేలి జారిపోతుంది, అందుకే అల తక్కువ. వేక్‌బోర్డుకు 35 చాలు. ఆ వేగంలో నీటి సంచులతో వెనక భాగం కిందికి దిగితే పడవ ఎక్కువ నీటిని తోస్తుంది, అల లేస్తుంది. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు, ఆ ఖర్చు ఇంజనుదే. ఫ్రూడ్ జీవితమంతా తగ్గించాలని చూసిన అలనే వీళ్లు డబ్బిచ్చి పెంచుకుంటున్నారు!

అయితే కెప్టెన్ కథ మరవొద్దనీ చెప్పాను. సంచుల బరువు మనుషుల బరువుతో కలిపి లెక్కెయ్యాలి, తయారీదారు పెట్టిన హద్దు దాటకూడదు. కుడి ఎడమలు సమంగా ఉండాలి. సగం నిండిన సంచిలో నీళ్లు వొరిగిన వైపుకే పరుగెత్తి పడవను ఇంకా వొంచుతాయి. టక్కున ఆపితే సొంత అలే వెనకనుంచి వచ్చి లోపలికి ఎక్కవచ్చు.

ఫ్రూడ్ విశ్రాంతి కోసం నౌకాదళం అతిథిగా దక్షిణాఫ్రికా వెళ్లి, 1879 మే 4న సైమన్స్‌టౌన్‌లో జిగట విరేచనాలతో చనిపోయాడు. నావికులు సైనిక మర్యాదలతో పూడ్చారు. పని కొడుకు ఎడ్మండ్ అందుకున్నాడు. మన విశాఖపట్నంలో నౌకాదళ పరిశోధనశాలలోనూ ఇవాళ నమూనాలు లాగే పొడవాటి తొట్టి ఉంది. మనవాళ్లెవరికైనా అక్కడ ఉద్యోగం దొరికితే, ఆ రెండు మార్కుల ప్రశ్న నీళ్ల మీద కదులుతూ కనిపిస్తుంది.